టూమమాక్ కొండమీది ఎడారి పరిశోధనశాల



భూగోళశాస్త్ర పాఠములో ఎడారి యను మాట వచ్చినప్పుడెల్ల మేము ఒకే విధముగా చెప్పుచుంటిమి. ఎడారియనగా వాన లేని చోటు, ఇసుక తప్ప మరేమియు లేని చోటు అని. మీరును అట్లే వ్రాసి మార్కులు పొందితిరి. గత సంవత్సరము ఎనిమిదవ తరగతిలో ఒక బాలుడు లేచి, "మాస్టరుగారూ, ఏమియు లేని చోట ఒంటె ఏమి తిని బ్రతుకును?" అని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. మేమును నవ్వితిమి. కాని ఇంటికి పోయిన తరువాత ఆ ప్రశ్న మమ్మును విడువలేదు. ఆ బాలుడు అడిగినది న్యాయమే గదా! దానికి సమాధానము వెదకుచు చదివిన సంగతులలో, ఒక కొండ చరిత్ర మాకు మిక్కిలి ఉపదేశకరముగా తోచినది. దానిని మీకును, మీ తలిదండ్రులకును వివరించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఆరిజోనా యను రాష్ట్రము కలదు. అందు టూసాన్ అను పట్టణమునకు పడమట నల్లని రాళ్లతో నిండిన యొక కొండ యున్నది. దాని పేరు టూమమాక్. ఆ దేశపు ఆదివాసులగు ఓఓధమ్ జనుల భాషలో ఈ పేరునకు కొమ్ముల బల్లి యని యర్థము. రెండు వేల యేండ్లకు పూర్వమే మనుష్యులు ఆ కొండమీద రాతి గోడలు కట్టి నివసించిరి. ఆ గోడల యానవాళ్లు నేటికిని కలవు. ఈ కొండ సోనోరా యను మహా ఎడారిలోనిది. ఆ ఎడారి మెక్సికో దేశములోనికిని వ్యాపించి యున్నది. టూసాన్‌లో సంవత్సరమునకు సుమారు 11 అంగుళముల వాన కురియును. మన రాష్ట్రములో కరవునకు పేరుపడిన అనంతపురమునందు సుమారు 22 అంగుళములు కురియునని తలంచినయెడల, అచ్చటి కొరత యెట్టిదో తెలియగలదు. అయినను ఆ కొండ బోడిగా లేదు. దానినిండ చెట్లును, పొదలును, జెముళ్లును ఉన్నవి. కాబట్టి ఎడారి యనగా ఏమియు లేని చోటు కాదు. కురియు నీటికంటె, ఎండకును గాలికిని ఆవిరియై పోగల నీరు మిక్కిలి యెక్కువగా నుండు చోటు. ఆ లోటులో ప్రాణులెట్లు బ్రతుకుచున్నవన్నదే అచ్చటి ప్రశ్న.

ఈ ప్రశ్నను గ్రంథాలయములో గాక ఎడారిలోనే కూర్చుండి విచారింపవలెనని తలంచినవారు ఫ్రెడరిక్ కోవిల్, డానియల్ మెక్‌డూగల్ అను ఇద్దరు వృక్షశాస్త్రజ్ఞులు. ఆండ్రూ కార్నెగీ యను ధనవంతుడు విజ్ఞానాభివృద్ధికై 1902వ సం॥న వాషింగ్టన్‌లో ఒక సంస్థను నెలకొల్పెను. ఆ సంస్థవారి ధనసహాయముతో వీరిరువురును 1903వ సం॥న ఎడారి ప్రాంతములను సంచరించి చూచి, టూమమాక్ కొండను ఎన్నుకొనిరి. టూసాన్ పట్టణస్థులును సంతోషించి స్థలమును, నీటిని, బాటను సమకూర్చిరి. కొండమీది నల్లరాతితోనే కట్టడము లేచెను. ఆ సంవత్సరమే విలియం కానన్ అను పండితుడు అందు మొదటి నివాస పరిశోధకుడుగా చేరెను. 1907వ సం॥న సుమారు 860 ఎకరముల భూమికి కంచె వేసి, పశువులును గాడిదలును మేయకుండ చేసిరి. ఈ కంచెను మీరు జ్ఞాపకముంచుకొనుడు. దానిని గూర్చి చివర మరల చెప్పెదము.

వారు కనుగొనిన సంగతులు అనేకములు. మీకు సులభముగా బోధపడునవి కొన్ని చెప్పెదము. ఆ ఎడారికి అలంకారమగు మొక్క సగ్వారో యను మహా జెముడు. అది స్తంభమువలె నిలిచి, చేతులు చాచినట్లు కొమ్మలు వేయుచు, 40 అడుగులకు మించి యెదుగగలదు. ఆకులు లేవు. కాండమే పచ్చగానుండి ఆహారమును సిద్ధపరచుకొనును. ఆ కాండమునిండ నిలువుగా మడతలుండును. ఆ మడతలేల యున్నవి? ఎఫీ స్పాల్డింగ్ అను విదుషీమణి వాటి నడుమ దూరమును ఓపికతో కొలుచుచు వచ్చి, 1905వ సం॥న ఆ ఫలితములను ప్రకటించెను. వాన కురిసి వేళ్లు నీటిని పీల్చినప్పుడు మడతలు విచ్చుకొని కాండము లావగును. నీరు ఖర్చగుకొలది మడతలు దగ్గరకు వచ్చి కాండము సన్నబడును. మన ప్రార్థనామందిరములోని హార్మోనియపు తిత్తి గాలితో విచ్చుకొని మరల ముడుచుకొనుట మీరు చూచియున్నారు. సగ్వారో నీటితో అట్లు చేయును. చర్మము చిరుగదు, నీరు వృథా కాదు.

కానన్ పండితుడు మొక్కల చుట్టును మట్టిని మెల్లగా త్రవ్వి వేళ్లను పరీక్షించి, 1911వ సం॥న ఒక గ్రంథమును ప్రకటించెను. అంత బరువైన సగ్వారోకు వేళ్లు లోతుగా నుండునని మన మనుకొందుము. అట్లు కాదు. దాని వేళ్లలో చాల భాగము నేలకు కొన్ని అంగుళముల లోతుననే యుండి, చుట్టును బహు దూరము వ్యాపించును. కొంచెముగా కురిసిన వాన మట్టిపైభాగమును మాత్రమే తడుపును. ఆ తడి ఆరిపోవకముందే త్రాగవలెననిన వేళ్లు పైననే యుండవలెను గదా! దాని ప్రక్కననే యుండు మెస్కీట్ అను చెట్టు దీనికి విరుద్ధమైన పద్ధతి నవలంబించును. టూసాన్ సమీపమున ఒక గనిని త్రవ్వుచుండగా ఈ జాతి చెట్టు వేళ్లు నేలకు 53 మీటర్ల లోతున కనబడెను. మన పెద్ద దిగుడుబావులకంటెను అది యెంతయో లోతు. పాలోవెర్దే యను మరియొక చెట్టు కరవు కాలమున ఆకులన్నిటిని రాల్చివేసి, పచ్చని బెరడుతోనే జీవనము గడుపును. స్పానిష్ భాషలో దాని పేరునకే పచ్చని కర్ర యని యర్థము. కొరత ఒక్కటే. దానిని ఎదుర్కొను మార్గములు మాత్రము పెక్కులు.

1908వ సం॥న ఫారెస్ట్ ష్రీవ్ అనునాయన ఈ కొండకు వచ్చెను. ఆయనయు, భార్యయగు ఈడిత్ ష్రీవ్ గారును ఎడారి మొక్కల పరిశోధనకే తమ జీవితములను అంకితము చేసిరి. సగ్వారో ఉత్తరమునకు ఇంకను వ్యాపింపకుండ ఒక హద్దుదగ్గర ఆగిపోవుటకు కారణమేమని ఆయన విచారించెను. ఎండయా? కాదు, చలి. రాత్రి నీరు గడ్డకట్టునంతటి చలి వచ్చినను మరునాటి ఎండకు అది తగ్గినయెడల సగ్వారో బ్రతుకును. పగటివేళ కూడ ఆ చలి విడువక మరుసటి రాత్రితో కలిసినయెడల అది చచ్చును. 1911వ సం॥న ఆయన దీనిని ప్రకటించెను. ఇట్టి పరిశీలనలు అనేకము కూర్చి, సోనోరా ఎడారి వృక్షసంపదను గూర్చి గొప్ప గ్రంథమును రచించెను. ఆయన 1950వ సం॥న మరణించెను. గ్రంథము 1951వ సం॥న వెలువడెను. ప్రాణులకును వాటి పరిసరములకును గల సంబంధమును విచారించు జీవావరణ శాస్త్రము అప్పుడు బాల్యావస్థలో నుండెను. దానికొరకు 1915వ సం॥న అమెరికాలో నొక సంఘము ఏర్పడినప్పుడు ష్రీవ్ దాని స్థాపకులలో నొకడాయెను. ఆయన సంపాదకత్వమున నడచుచుండిన మాసపత్రిక 1920వ సం॥న ఆ సంఘముయొక్క ముఖ్యపత్రికగా మారెను.

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచిన సంగతికి వచ్చుచున్నాము. పైన పేర్కొనిన ఎఫీ గారి భర్త వోల్నీ స్పాల్డింగ్ అనునాయన. ఆయన మిషిగన్ విశ్వవిద్యాలయములో వృక్షశాస్త్రాచార్యుడుగా నుండి, వార్ధక్యమున ఈ కొండకు వచ్చెను. 1906వ సం॥న ఆయన చేసిన పని చూచుటకు మిక్కిలి స్వల్పము. 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు గల మళ్లను కొన్నిటిని కొలిచి, మూలలయందు గుర్తులు పాతి, అందులోని ప్రతి మొక్కను కాగితముమీద పటముగా గీసెను. ఈ మూల నిది పాలోవెర్దే, ఆ ప్రక్క నిది పొద అని వ్రాసి యుంచెను. అంతే. ఎడారి మొక్కలు మిక్కిలి మెల్లగా పెరుగునని ఆయనకు తెలియును. సగ్వారో మొలక మొదటి యెనిమిది సంవత్సరములలో ఒకటిన్నర అంగుళము మాత్రమే పెరుగవచ్చును. మొదటి పువ్వు పూయుటకు సుమారు 35 ఏండ్లు పట్టును. బ్రదుకుట 150 ఏండ్లకు పైమాట. ఇట్టి మొక్క జీవితమును ఆద్యంతము చూడవలెనన్న ఏ యొక్క మనుష్యుని యాయుష్యమును చాలదు. తాను గీసిన పటమునకు ఫలితమును తాను చూడననియు, చూచువారు ఇంకను పుట్టలేదనియు ఆయన యెరుగును. ఎరిగియే గీసెను. కొద్ది సంవత్సరములకే ఆయన ఆరోగ్యము క్షీణించి కొండను విడిచిపోయెను.

తరువాతివారు ఆ మళ్లను విడిచిపెట్టలేదు. ష్రీవ్ మరల కొలిచెను. ష్రీవ్ తరువాత ఇతరులు కొలిచిరి. మొదటి మళ్లలో 9 నేటికిని నిలిచియున్నవి. ఇంత దీర్ఘకాలము కనిపెట్టబడిన వృక్షస్థలములు లోకములోనే మిక్కిలి అరుదు. 72 సంవత్సరముల పటములను పోల్చి చూడగా మొక్కల సంఖ్య హెచ్చుచు తగ్గుచు వచ్చినను, అది యంతయు ఒకే దిక్కునకు పోలేదని తెలిసెను. మొదటి పటములోని కొన్ని పొదలు అప్పటికిని సజీవముగా నుండెను. సగ్వారోల విషయములో ఇంకొక వింత బయలుపడినది. 1908వ సం॥న స్పాల్డింగ్ చేసిన లెక్కతో 1964, 1970, 1993 సంవత్సరముల కొలతలను పోల్చిచూచిరి. ఏటేట కొన్ని చొప్పున క్రొత్త సగ్వారోలు పుట్టుట లేదు. కొన్ని దశాబ్దములలో విస్తారముగా మొలిచి బ్రతుకును. మరికొన్ని దశాబ్దములలో దాదాపు ఏమియు బ్రతుకవు. ఒక్క దశాబ్దము మాత్రమే చూచినవాడు, "ఈ జాతి నశించుచున్నది" అనియైనను, "విజృంభించుచున్నది" అనియైనను పొరబడును. 85 ఏండ్లు చూచినప్పుడే నిజము తెలిసెను.

అయితే ఈ గొలుసు ఒకప్పుడు తెగిపోవలసియుండెను. 1940వ సం॥న కార్నెగీ సంస్థవారు ఈ పరిశోధనశాల పనిని మాని, దానిని అమెరికా ప్రభుత్వపు అటవీశాఖకు అప్పగించిరి. పూర్వపు సందడి యణగెను. ఇరువది సంవత్సరములకు, 1960వ సం॥న, ఆరిజోనా విశ్వవిద్యాలయము ఆ స్థలమును తన దానినిగా చేసికొనెను. 1965వ సం॥న అది జాతీయ చారిత్రక స్థలముగా ప్రకటింపబడెను. ఆ నడిమి కాలమున గుర్తులు పెరికివేయబడి, పటములు చెదపురుగుల పాలయి యుండినయెడల, స్పాల్డింగ్ శ్రమ యంతయు వ్యర్థమై యుండును. పటములను భద్రపరచినవారును, మళ్లను మరల కొలిచినవారును ఉండుటచేతనే అది బ్రతికెను.

ఇప్పుడది విశ్వవిద్యాలయపు బడియే. విద్యార్థులు కొండనెక్కి, గురువులతో కూడ నేలను చూచి నేర్చుకొనుచున్నారు. అచ్చటి పనిలో మాకు మిక్కిలి నచ్చినది లారెన్స్ వెనబుల్ అను ఆచార్యుడు 1982వ సం॥న ప్రారంభించినది. చలికాలపు వానలకు మొలిచి, కొద్ది నెలలలో పూచి, విత్తులు రాల్చి చనిపోవు చిన్న మొక్కలను ఆయనయు, శిష్యులును ఏటేట లెక్కించిరి. మంచి వాన కురిసినను ఆ విత్తులన్నియు మొలవవు. కొన్ని నేలలోనే నిద్రించును. ఎందుకనగా, మొలిచిన తరువాత వాన మరల రాకపోయినయెడల మొలిచినవన్నియు చచ్చును. నిద్రించినవి మాత్రము మరుసటి సంవత్సరమునకు మిగులును. ఏ జాతికి పంట మిక్కిలి యనిశ్చితమో, ఆ జాతి విత్తులు అంత యెక్కువ భాగము నిద్రించును. వానను నమ్మి విత్తనపు గింజలన్నిటిని ఒకేసారి చల్లివేయక, కొంత గాదెలో దాచుకొను మన మెట్టపొలముల రైతు ఈ సంగతిని వెంటనే గ్రహింపగలడు.

ఆ కొండకు ఇప్పుడొక శత్రువు కలుగుట విచారకరము. బఫెల్ గడ్డి యనునది ఆఫ్రికాఖండమునకును, మన దేశముతో కూడ ఆసియాలోని మెట్టభూములకును చెందినది. ఇచ్చట దానిని అంజన్ గడ్డి యని పశువులకు మేతగా పెంచుదురు. అమెరికాలో కూడ మేతకొరకే తెచ్చి నాటిరి. 1983వ సం॥న కొండమీది పరదేశపు మొక్కలను పటముగా గీసి, 2005వ సం॥న మరల గీసి పోల్చగా, ఈ గడ్డి మిక్కిలి వ్యాపించినట్లు తెలిసెను. అది పొదల నడుమ ఖాళీలను నింపును. ఎండినప్పుడు భగ్గున మండును. సోనోరా ఎడారిలో మొక్కల నడుమ ఖాళీ నేల యుండుటచేత పూర్వము అగ్ని ప్రాకుట అరుదు. సగ్వారో అగ్నికి తాళజాలదు. నూరేండ్లు పెరిగినది ఒక్క మధ్యాహ్నమున మాడిపోవును. అందుచేత స్వచ్ఛంద సేవకులు కొండనెక్కి ఆ గడ్డిని చేతులతో పెరికివేయుచున్నారు.

ఇందులో మనకును ఒక పాఠము కలదు. మన చెరువుగట్లను, బీళ్లను ఆక్రమించి, ముండ్లతో మనలను బాధించు సర్కారు తుమ్మ అమెరికాఖండమునుండి వచ్చినది. టూమమాక్ కొండమీది మెస్కీట్ దానికి దాయాది. మన మేతగడ్డి వారికి శత్రువైనది. వారి చెట్టు బంధువు మనకు శత్రువైనది. ఆ గడ్డియు దుష్టము కాదు, ఈ చెట్టును దుష్టము కాదు. దేవుడు దేనిని ఏ పొరుగువారి నడుమ నుంచెనో విచారింపక మనుష్యుడు తన తొందరకొలది మార్చుటయే కీడునకు మూలము. ఈ సంగతియు పాత పటము ఉండబట్టి కనబడెను. పటము లేనియెడల, "ఈ గడ్డి ఎల్లప్పుడును ఇచ్చటనే యుండెను" అని చెప్పుకొనియుందురు.

ఇక మా నేరమును ఒప్పుకొనవలెను. మా పాఠశాల బీరువాలో ఒక పాత నోటుపుస్తకము కలదు. పూర్వము ఇచ్చట పనిచేసిన ఒక ఉపాధ్యాయుడు ప్రతి యుదయము వర్షమాపకమును చూచి, కురిసిన వానను అందులో వ్రాయుచుండెను. అక్షరములు ముత్యములవలె నున్నవి. ఒక పుటలో సగమునకు వచ్చి లెక్క ఆగిపోయినది. ఆయనకు వేరొక యూరికి బదిలీ యాయెను. ఆ తరువాత దానిని వ్రాయవలసినవారము మేము. మేము వ్రాయలేదు. రేపు వ్రాయుదమనుకొంటిమి. రేపులన్నియు కలిసి సంవత్సరములాయెను. "వెనుకటికంటె ఇప్పుడు వాన తగ్గినదా, మాస్టరుగారూ?" అని మీరడిగినప్పుడు మేము పెద్దల మాట చెప్పుచున్నామే గాని లెక్క చూపలేకున్నాము. స్పాల్డింగ్ చరిత్ర చదువుచుండగా ఆ సగము పుట మా కన్నుల యెదుట నిలిచెను.

కాబట్టి ఈ సంవత్సరము ఒక చిన్న పని ప్రారంభింప తలచినాము. పాఠశాల వెనుకనున్న బీడులో 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు గల మడిని కొలిచి, నాలుగు మూలల రాళ్లు పాతెదము. అందులోని ప్రతి మొక్కను ఎనిమిదవ తరగతివారు పటముగా గీయుదురు. ఏటేట వానకాలము గడచిన పిమ్మట ఆ సంవత్సరపు ఎనిమిదవ తరగతివారు మరల గీయుదురు. వర్షమాపకమును చూచు వంతు వారమునకొకరిది. పటములను, నోటుపుస్తకమును పెట్టెలోనుంచి ఒక తరగతి మరియొక తరగతికి అప్పగింపవలెను. తలిదండ్రులకు మా మనవి యొక్కటే. ఆ నాలుగు రాళ్ల నడుమకు మీ మేకలను తోలకుడు. టూమమాక్ కొండకు 1907వ సం॥న వేసిన కంచె యెంత మేలు చేసెనో మీరు చదివితిరి. మాకు కంచె వేయుటకు ధనము లేదు. మీ మాటయే మాకు కంచె.

విద్యార్థులారా, విత్తినవాడే కోయవలెనను నియమము లేదని సువార్తలో మనము నేర్చుకొనియున్నాము. మీరు గీయు మొదటి పటము మీకు గొప్పగా కనబడదు. అది మీ తమ్ములకును, వారి బిడ్డలకును మాట్లాడును. ఒంటె ఏమి తినునని యడిగిన ఆ బాలుడే మొదటి మూలరాతిని పాతవలెనని మా కోరిక. ఆతడు నవ్వులపాలైన ప్రశ్న నడిగి మా కన్నులను తెరచినాడు. ప్రభువు మన చిన్న ప్రయత్నమును దీవించి, దీనిని కొనసాగించు చేతులను తరతరములకు దయచేయును గాక.